పత్తర్‌గట్టి రాతి షాపులు ఎవరు కట్టించినవి? నడుచుకుంటూ వెళ్తే ఏమేం చూడొచ్చు?

మున్నేరు_పిల్ల:

చెల్లి పెళ్లి బట్టలకి అమ్మానాన్నలతో కలిసి వచ్చే నెల మదీనా, పత్తర్‌గట్టి వైపు వెళ్తున్నాం. ఉండేది హైదరాబాద్‌లోనే అయినా ఆ రోడ్డు మీద ఎప్పుడూ కింద షాపులు చూడటమే తప్ప తలెత్తి పైన ఏముందో చూసింది లేదు. మొన్న పని మీద వెళ్తుంటే ట్రాఫిక్‌లో ఆటో కదలక ఊరికే పైకి చూశా. ఫ్లెక్సీలు, ఏసీ డబ్బాలు, కేబుల్ వైర్ల చుట్టలు, వాటి వెనకాల రోడ్డుకి రెండు పక్కలా ఒకే కొలత, ఒకే డిజైన్‌లో రాతి కమాన్లు వరసగా వెళ్తూనే ఉన్నాయి! ఇన్నేళ్లూ ఇది నా కంటికి ఎలా ఆనలేదో.

ఆటో ఆయన్ని అడిగితే కుతుబ్‌షాహీల కాలం నాటివి అన్నాడు. ఇంట్లో మా బాబాయి నిజాం కట్టించాడు అంటాడు. ఇంతకీ ఏది నిజం? పైగా ఒక్కో షాపు ఒక్కొక్కరిది కదా, మరి అన్నీ ఒకేలా ఎందుకున్నాయి? నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు, దారిలో వాళ్లకి చూపించదగ్గవి ఏమున్నాయో కూడా చెప్పండి.

ఇంకొకటి. "ఆ పాత డబ్బాలన్నీ తీసేసి రోడ్డు వెడల్పు చేస్తే జనం సుఖంగా నడుస్తారు" అని మా నాన్న వాదన. ఆయనకి ఏం సమాధానం చెప్పాలో నాకు తెలియట్లేదు.

మూసీ_ఒడ్డు:

మీ బాబాయిగారే రైటండి. ఆటో ఆయన చెప్పింది కూడా పూర్తిగా తప్పు కాదు, ఆ దారి కుతుబ్‌షాహీలదే. 1591లో చార్మినార్ కట్టి దాని చుట్టూ ఊరు వేసినప్పుడు ఉత్తరంగా మూసీ వైపు వచ్చిన ప్రధాన వీధి అది. కానీ దాని పక్కన ఇప్పుడు మీరు చూస్తున్న రాతి మడిగెల వరస మాత్రం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది, అంటే ఇరవయ్యో శతాబ్దం. తాతల నాటిది అనొచ్చు కానీ నాలుగొందల ఏళ్లది కాదు.

అన్నీ ఒకేలా ఎందుకున్నాయంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేల మంది పోయారు, నదికి ఆనుకుని ఉన్న పేటలు తుడిచిపెట్టుకుపోయాయి. (ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది, ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు, నదికి అవతలి పక్క కాబట్టి మీ దారిలో రాదు.) అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో ప్లాన్ వేయించారు. తర్వాత వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అందులోంచి పుట్టినవే. 1911లో ఏడో నిజాం గద్దె ఎక్కాడు, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టాడు. ఇరుకు బస్తీలు తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం, డ్రైనేజీ వేయడం, కొత్త ఇళ్లు, బజార్లు కట్టడం దాని పని. పత్తర్‌గట్టి ఆ బోర్డు పనే. రోడ్డు వెడల్పు చేసి రెండు పక్కలా ఒకే ప్లాన్ ప్రకారం రాతి ముఖాలతో షాపులు కట్టారు, కింద వ్యాపారం, పైన నివాసాలు. కమాన్ల కింద వరండాలాగా వదిలిన నడక దారి, ఎండా వానా తగలకుండా ఒక షాపు నుంచి ఇంకో షాపుకి వెళ్లడానికి. ఒక్కొక్కరూ సొంతంగా కట్టుకున్నవి కావు కాబట్టే కొలతలన్నీ కలుస్తాయి. మోజంజాహీ మార్కెట్ కూడా ఇదే బోర్డు కట్టింది, 1935లో. రెండూ చూసినవాళ్లకి ఆ పోలిక ఇట్టే తెలిసిపోతుంది.

మీ నాన్నగారికి సమాధానం కూడా ఇందులోనే ఉంది కదండీ. ఆయన అడిగే రోడ్డు వెడల్పు పని నిజాం సర్కారు వందేళ్ల కిందటే చేసేసింది, ఆ పనిలో వచ్చినవే ఈ కమాన్లు! జనం నడవడానికి దారి వదిలే కట్టారు. ఆ దారిలో ఇప్పుడు బట్టల మూటలు, బొమ్మలకి తొడిగిన షేర్వాణీలు, జనరేటర్లు ఉన్నాయి. అంతే తేడా.

గుల్జార్_గల్లీ:

నడక సంగతి నేను చెప్తా, పుట్టి పెరిగింది అక్కడే. నయాపూల్ (మూసీ మీది వంతెన) నుంచి చార్మినార్ దాకా మొత్తం కిలోమీటరుకి అటూ ఇటూ, మీ నాన్నగారు మెల్లగా నడవగలరు అనుకుంటున్నా, మధ్యలో చాయ్‌కి ఆగేవి ఎన్నో.

నయాపూల్ దాటి దక్షిణంగా వస్తుంటే కుడి పక్కన హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి, బ్రిటిష్ ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్ డిజైన్, 1920 ప్రాంతంలో పూర్తయింది. బయటి నుంచి చూసి కదలండి. ఎడమ పక్క సాలార్‌జంగ్‌ల పాత నివాసం దివాన్ దేవిడీ ఉండేది. సాలార్‌జంగ్ మ్యూజియం మొదట తెరిచింది అక్కడే, 1951 డిసెంబరులో నెహ్రూ వచ్చి ప్రారంభించారు. ఇప్పుడున్న బిల్డింగ్‌కి 1968లో మార్చారు. దేవిడీ అంతా పోయి బట్టల మార్కెట్ అయిపోయింది, గేట్లు మాత్రం మిగిలాయి. మీరు హోల్‌సేల్ చుడీదార్ల కోసం ఎలాగూ దాని కిందుగానే వెళ్తారు, ఒక్కసారి పైకి చూడండి చాలు.

మదీనా బిల్డింగ్ దగ్గర బిర్యానీ తిని వెళ్లిపోయేవాళ్లే అందరూ. దాన్ని అల్లాదీన్ కుటుంబం వక్ఫ్‌గా, అంటే ధర్మానికి, రాసింది, షాపుల అద్దెలు అరేబియాలోని మదీనాలో ఉన్న పేదవాళ్లకి వెళ్లేవి. సౌదీకి చమురు డబ్బు పెద్దగా రాక ముందు సంగతి. హైదరాబాద్ బజారు అద్దెలతో అక్కడ వాళ్ల ఇల్లు గడిచేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

అక్కడి నుంచి కొంచెం పక్కకి వెళ్లే ఓపిక ఉంటే మాత్రం బాద్‌షాహీ ఆషుర్‌ఖానా (మొహర్రం సంతాప సభలు జరిగే చోటు) వదలొద్దు. మొత్తం దారిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అది. 1590లలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు, లోపలి గోడల మీద రంగు పెంకుల పని 1611 నాటిది. గోడకి దగ్గరగా వెళ్లి నిలబడి కింది నుంచి పైకి చూడండి. పైభాగంలో పసుపు, నీలం, ఆకుపచ్చ పెంకులు చిన్న చిన్న ముక్కలుగా కోసి అతికించినవి, ముక్కకీ ముక్కకీ మధ్య సన్నని గీత కనిపిస్తుంది, వెలుగు పడితే మెరుస్తాయి. కింద కొంత మేర మెరుపు ఉండదు, గీతలూ ఉండవు, అదే డిజైన్‌ని ఉత్త రంగుతో వేశారు. 1908 వరద నీళ్లు లోపలికి వచ్చి కింది పెంకులు ఊడిపోయాయి, ఆ చోటు రంగుతో నింపారు. అంటే పైన మూసీ_ఒడ్డు సార్ చెప్పిన వరద ఎంత ఎత్తుకి వచ్చిందో ఆ గోడే చెప్తుంది. అది ప్రార్థనా స్థలం, మొహర్రం రోజుల్లో టూరిస్టుల్లాగా వెళ్లకండి, మామూలు రోజుల్లో అక్కడున్నవాళ్లని అడిగి, చెప్పులు విడిచి వెళ్లొచ్చు.

తర్వాత పత్తర్‌గట్టి వరస. అది దాటితే మొదట వచ్చేది మచ్లీ కమాన్, మధ్యలో గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్, దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. ఉత్తరం మచ్లీ కమాన్, తూర్పు కాలీ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కమాన్, దక్షిణం చార్మినార్ వైపుది. ఇవి అసలైన కుతుబ్‌షాహీ పని, చార్మినార్ తర్వాత ఏడాదో రెండేళ్లకో కట్టినవి. మీ ఆటో ఆయన వీటిని మనసులో పెట్టుకునే అని ఉంటాడు. పడమటి కమాన్ లోంచి వెళ్తే రాజభవనం ఉండేది, దాని ద్వారానికి జరీ తెర వేలాడేదట. తూర్పు వైపు నగారాఖానా, అంటే నగారాలు మోగించే చోటు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి వచ్చాక ఆ భవనాలు నిలవలేదు. ఇప్పుడు అదే చోట ముత్యాల షాపులు, వెండి షాపులు. షేర్-ఎ-బాతిల్ కింద నిలబడి "ఇది రాజుగారి గుమ్మం" అని మీ అమ్మగారికి చెప్పండి, పక్కనే పట్టీల షాపు కనపడగానే మీ మాట వినరనుకోండి.

డంగుసున్నం:

స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, పాత కట్టడాల రిపేర్లే చేస్తుంటా, అందుకని కొంచెం చాదస్తంగా రాస్తున్నా, భరించండి.

చార్‌కమాన్‌లు, చార్మినార్ ఇవి రాయి, డంగు సున్నంతో కట్టినవి. గానుగలో రోజుల తరబడి తిప్పి నూరిన సున్నం, ఇసుక, అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపేవాళ్లు, ఇప్పుడు మరమ్మతులు చేసేవాళ్లు కూడా అదే పద్ధతి పాటించాలి. సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ ఎండకి వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూస్తే తడి లోపలే ఉండిపోతుంది, రెండు మూడు వానాకాలాలకి సిమెంట్ పెచ్చు తన వెనకున్న సున్నాన్ని కూడా పట్టుకుని ఊడొస్తుంది. యజమాని మాత్రం "చూశారా, పాత గోడ పాడైపోయింది" అంటాడు! 2019 మేలో చార్మినార్ మీనార్ మీంచి గచ్చు పని ముక్క ఒకటి ఊడి పడింది కదా, అప్పుడు టీవీల్లో ఎంత గోల చేశారో. ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) వాళ్లు తర్వాత సున్నంతోనే బాగుచేశారు.

పత్తర్‌గట్టి సమస్య వేరు. అక్కడ రాయి గట్టిది, దానికొచ్చిన ప్రమాదం తక్కువ. దానికి చేస్తున్న పనులే ప్రమాదం. రాతికి ఆయిల్ పెయింట్ వేస్తారు, ఒక మడిగె గులాబీ, పక్కది ఆకుపచ్చ, వరస మొత్తం చెడిపోతుంది. ఏసీ బిగించడానికి కమాను రాళ్లలోకి డ్రిల్ వేస్తారు. కమాను అంటే ఒక రాయి ఇంకో రాయిని ఒత్తుకుని నిలబడేది, మధ్యలో మేకు దిగితే ఈ రోజు ఏం కాదు, ఆ మేకు తుప్పు పట్టి ఉబ్బితే రాయి చిట్లుతుంది. పైన స్లాబు మీద ఇంకో రేకుల గది వేస్తారు, దాని నీళ్ల గొట్టం నేరుగా రాతి ముఖం మీదకి వదిలేస్తారు. మీరు వెళ్లినప్పుడు చూడండి, కమాను మూలల్లో నల్లగా కిందికి కారిన చారలు కనిపిస్తే అది వయసు వల్ల వచ్చింది కాదు, పైన ఎవరిదో గొట్టం.

బాగుచేయడం సాధ్యమేనా అని అడిగేవాళ్లకి మోజంజాహీ మార్కెట్టే సాక్ష్యం. 2018లో పని మొదలుపెట్టి రంగులు, బోర్డులు, రేకులు తీసేసి రాయి కడిగి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. ఐస్‌క్రీం షాపులు, పండ్ల షాపులు అక్కడే ఉన్నాయి. అదొక్క ప్రాంగణం కాబట్టి సులువైంది, ఇక్కడ యజమానులు ఎందరో, అదే చిక్కు.

మల్గీ_నం_తెలీదు:

మీరందరూ చూడటానికి వచ్చేవాళ్లు. మా కుటుంబానికి ఆ వరసలోనే తాతల నుంచి అద్దెకి ఉన్న మల్గీ (మడిగె) ఉంది, నా వైపు నుంచి కూడా వినండి.

పగిడీ (ముందే ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం) కట్టి తీసుకున్న షాపు. అద్దె చాలా తక్కువ, అందుకని యజమాని రిపేరు చేయడు. నాది కాదు కాబట్టి నేను చేయించను, చేయించినా రేపు ఖాళీ చేయమంటే ఏంటి పరిస్థితి. మా పై అంతస్తులో చెక్క మెట్లు ఊగుతుంటాయి, ఎన్నేళ్లుగా ఊగుతున్నాయో, అలవాటైపోయి ఆ మెట్టు మీద కాలు పెట్టకుండా దాటేస్తాం. పక్కవాళ్లు గోడ తవ్వి అలమారా పెట్టుకుంటే మా వైపు పగులొచ్చింది, అడిగితే "మీ గోడే వీక్" అన్నారు. రాతి ముఖం గురించి మాట్లాడతారు గానీ, దాని వెనక ఏముందో ఎవరూ అడగరు. మీటర్లు మెట్ల కిందే, వైర్లు మెట్ల కిందే, స్టాకు మెట్ల మీదే.

2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర జరిగిన అగ్నిప్రమాదం గుర్తుంది కదా. కింద షాపులు, పైన కాపురం, బయటికి రావడానికి ఇరుకు దారి ఒక్కటే. 17 మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఆ రోజు నుంచి మా ఆవిడ రాత్రి పూట షాపు మెయిన్ ఆపేశానో లేదో రెండుసార్లు ఫోన్ చేసి అడుగుతుంది. వారసత్వం కాపాడాలి అనే ప్రతి ఒక్కరూ ముందు వైరింగ్, రెండో మెట్ల దారి గురించి మాట్లాడితే నేనూ మీతో కలిసి మాట్లాడతా. ముందు వైపు రాయి ముట్టుకోకుండా వెనక వైపు ఇనుప మెట్లు పెట్టడానికి పర్మిషన్ ఎవరిస్తారో చెప్పే మనిషి ఒక్కరు కూడా నాకు దొరకలేదు.

బండెడు_ట్రాఫిక్:

పెద్దాయన (ప్రశ్న అడిగినవాళ్ల నాన్నగారు) చెప్పిందాంట్లో తప్పేముంది బ్రదర్? రంజాన్ నెలలో సాయంత్రం మదీనా నుంచి గుల్జార్ హౌజ్ దాకా అంబులెన్స్ వెళ్లగలదా? ఫైరింజన్ వెళ్లగలదా? వందేళ్ల షాపుల కోసం మనుషులు పోవాలా? ముందు వరస మంచిగా ఫొటోలు తీసి పుస్తకం వేసుకోండి, రోడ్డు వేయండి.

మూసీ_ఒడ్డు:

బ్రదర్, అంబులెన్స్ వెళ్లలేకపోవడం నిజం, కానీ దాన్ని ఆపుతున్నది కమాన్లు కాదు. రోడ్డు మీద పార్క్ చేసిన బండ్లు, రెండు వరసల తోపుడు బళ్లు, వరండా నిండా సరుకు పెట్టుకున్నందుకు రోడ్డు మీదికి దిగి నడుస్తున్న జనం. రేపు ఇరవై అడుగులు వెడల్పు చేసినా అదే ఇరవై అడుగుల్లో పార్కింగ్ వస్తుంది, అబిడ్స్‌లో, కోఠీలో చూడట్లేదా. చార్మినార్ చుట్టూ బండ్లు ఆపేసి రాళ్లు పరిచి నడక దారి చేశారు కదా, లోపాలు ఉన్నా అక్కడ పిల్లలతో నిలబడగలుగుతున్నాం. ఆ పద్ధతిని మదీనా దాకా తీసుకొస్తే, సరుకు బండ్లకి రాత్రి టైమ్ ఇస్తే, వరండాలు ఖాళీ చేయిస్తే ఇటుక కూడా కదపక్కర్లేదు.

కూల్చడం అనుకున్నంత తేలిక కూడా కాదు. చార్మినార్ ఏఎస్ఐ రక్షణలో ఉంది, పురాతన కట్టడాల చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం కుదరదు, ఆ పైన ఇంకో 200 మీటర్లలో అనుమతి ఉండాలి. ఊళ్లోని మిగతా పాత కట్టడాలకి 1981 నాటి హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) 13వ నిబంధన ఉండేది, దాన్ని 2015లో తీసేశారు, 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్ కూల్చి అసెంబ్లీ కడతామన్నప్పుడు హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అందుకని చట్టం లేదని కాదు, ఉన్నది ఎవరూ అడగట్లేదు.

మల్గీ తమ్ముడూ, నీ మెట్ల సంగతి: మీ షాపు చార్మినార్‌కి 300 మీటర్ల లోపు వస్తుందో లేదో ముందు కొలిపించు. వస్తే రిపేరుకి కూడా నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, రిపేరు అయితే 100 మీటర్ల లోపల కూడా దరఖాస్తు పెట్టొచ్చు, నిషేధం కొత్త కట్టడాలకి. ఆ పరిధి దాటితే జీహెచ్ఎంసీ దగ్గర తేలుతుంది. వైరింగ్ మార్చడానికి మాత్రం వీళ్లెవరి కోసమూ ఆగకు, ఈ వారమే మార్పించు.

డంగుసున్నం:

మల్గీ అన్నా, ఇనుప మెట్లు పెట్టేటట్టయితే పాత గోడకి బిగించొద్దు, నేల నుంచి సొంత స్తంభాల మీద నిలబెట్టాలి, గోడకి ఆనాలి కానీ వేలాడకూడదు. ఆ పక్కింటి పగులు మీద సిమెంట్ పూయకముందు అడ్డంగా ఒక గాజు పట్టీ అతికించి పైన తేదీ రాసి పెట్టు. పట్టీ విరిగితే పగులు ఇంకా కదులుతున్నట్టు, అప్పుడు ఇంజనీరుని తప్పకుండా తీసుకురా. విరగకపోతే సున్నంతో నింపేయొచ్చు. ఫొటోలు పంపితే చూసి చెప్తా, ఫీజేం వద్దు.

మల్గీ_నం_తెలీదు:

థ్యాంక్స్ అన్నా. గాజు పట్టీ ఐడియా బాగుంది, పక్కాయన ముందే అతికిస్తా, ఆయన కూడా చూడాలి.

మున్నేరు_పిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఈ థ్రెడ్ మొత్తం నాన్నకి చదివి వినిపించా. "నిజాం చేసినప్పుడు వెడల్పు, మేం అడిగితే తప్పా" అని ఒక పావుగంట వాదించారు, చివరికి ఆషుర్‌ఖానా గోడ చూడాలి అంటున్నారు. శుక్రవారం వెళ్దామనుకుంటున్నాం, పర్లేదా? లాడ్ బజార్‌లో లక్క గాజులు కూడా కొనాలి, జీఐ ట్యాగ్ వచ్చిందట కదా, అసలువి ఎలా గుర్తుపట్టాలి?

గుల్జార్_గల్లీ:

శుక్రవారం వద్దక్కా. మధ్యాహ్నం మక్కా మసీదు నమాజు జనం, పైగా ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియం సెలవు. మామూలు రోజు పొద్దున పదకొండు లోపు వచ్చేయండి, అప్పుడే షట్టర్లు తెరుస్తుంటారు, వరండాలోకి సరుకు ఇంకా రాదు, మీ నాన్నగారు కమాన్ల కింద నుంచే నడవొచ్చు. మెట్రోలో ఎంజీబీఎస్ దిగి ఆటో మాట్లాడుకోండి, కారు మాత్రం తేవద్దు.

గాజులకి 2024లో జీఐ వచ్చింది. షాపులో కొనేకన్నా లాడ్ బజార్ సందుల్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని చేసేవాళ్లు ఉంటారు, అక్కడికి వెళ్లండి. లక్క వేడి చేసి కడ్డీలా సాగదీసి గుండ్రంగా వంచి, అది మెత్తగా ఉండగానే ఒక్కొక్క రాయీ పట్టకారుతో గుచ్చుతారు. మీ చెల్లి చేతి కొలత తీసుకెళ్తే కళ్ల ముందే చేసిస్తారు. బేరం మాత్రం అమ్మగారికి వదిలేయండి.